క్వారీలో మోసం చూసిన గుమస్తా ప్రభుత్వం తరఫున దావా వేయగలడా?

చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ రాయితో వెళ్లే లారీ వెనక ఒక లెక్క ఉంటుంది. రాయి ఎన్ని క్యూబిక్ మీటర్లు, దానికి గనుల శాఖకు కట్టిన సీనరేజీ ఎంత, పర్మిట్ ఏ క్వారీ పేరు మీద ఉంది అన్నది ఆ లెక్క. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే ఇక్కడి బ్లాక్ గెలాక్సీ విదేశాలకూ వెళ్తుంది. కొలతలో కాస్త తేడా చూపినా ఖజానాకు పడే గండి చిన్నదేమీ కాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. క్వారీలో లెక్కలు రాసే గుమస్తా ఒకరున్నారు. పది క్యూబిక్ మీటర్ల రాయిని ఏడుగా రాయమంటున్నారు. ఒకే పర్మిట్ మీద రెండు లారీలు వెళ్తున్నాయి. బిల్లు లేని సరుకుకు వేరే పుస్తకం ఉంది. ఇవన్నీ ఆయన కళ్లముందే జరుగుతున్నాయి. ‘ప్రభుత్వానికి నష్టం జరిగింది, వసూలు చేయించండి’ అంటూ ఆయన నేరుగా కోర్టులో దావా వేయొచ్చా?

అమెరికాలో ప్రభుత్వ సొమ్ము విషయంలో ఇలా జరిగితే వేయొచ్చు. మన దగ్గర అలాంటి దావా లేదు. ఫిర్యాదు ఉంది, ప్రజాప్రయోజన వ్యాజ్యం ఉంది. ఆ రెండూ దావాతో సమానం కావు.

అమెరికాలో ఎలా?

అక్కడి ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ 1863 నాటిది. అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్లను పట్టుకోవడానికి అబ్రహాం లింకన్ హయాంలో తెచ్చారు. 1986లో సవరించి పదును పెట్టారు. మోసం గురించి తెలిసిన వ్యక్తి ప్రభుత్వం తరఫున తానే కేసు వేస్తాడు. ఆ కేసును కనీసం 60 రోజులు సీల్‌లో ఉంచుతారు. అంటే నిందితులకు కూడా చెప్పరు. ఈలోగా న్యాయశాఖ దర్యాప్తు చేసి, కేసును తాను నడపాలా వద్దా అన్నది తేల్చుకుంటుంది. గడువు పొడిగింపులతో ఈ సీల్ ఏళ్ల తరబడి సాగడం మామూలే.

మోసం రుజువైతే నష్టానికి మూడు రెట్లు కట్టాలి. ప్రభుత్వం కేసును చేపడితే బయటపెట్టిన వ్యక్తికి వసూలైన సొమ్ములో 15 నుంచి 25 శాతం, చేపట్టకపోయినా ఆయనే నడిపి గెలిస్తే 25 నుంచి 30 శాతం వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే, కోటి రూపాయల మోసానికి మూడు కోట్లు వసూలైతే ఆయన వాటా 45 లక్షల నుంచి 75 లక్షలు. ఉద్యోగంలోంచి తీసేస్తే తిరిగి చేర్చుకోవాలి, పోయిన జీతానికి రెట్టింపు ఇవ్వాలి.

ఈ చట్టంతో గెలిచినవాళ్లలో ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన దినేశ్ ఠాకూర్ ఒకరు. 2003లో ర్యాన్‌బాక్సీలో చేరారు. మందుల పరీక్షల డేటాను కంపెనీ తారుమారు చేస్తోందని గుర్తించి 2005లో బయటికొచ్చి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సమాచారం ఇచ్చారు. మొదట్లో అసలు పేరు కూడా చెప్పలేదు. ఆ మందులకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకాలు డబ్బు చెల్లిస్తున్నాయి కాబట్టి అది ప్రభుత్వాన్ని మోసగించడమే అయింది. 2007లో మేరీల్యాండ్‌లో కేసు వేశారు. 2013 మేలో ర్యాన్‌బాక్సీ ఏడు నేరాలను అంగీకరించి, క్రిమినల్, సివిల్ కలిపి 50 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఠాకూర్‌కు దాదాపు 4.86 కోట్ల డాలర్లు దక్కాయి. డేటా తారుమారైన ఫ్యాక్టరీలు మన దేశంలోవే. కేసు నడిచిందీ, వాటా ఇచ్చిందీ మాత్రం అమెరికాలో.

ఇక్కడ చట్టం లేదా?

ఉంది, కాగితం మీద. జాతీయ రహదారి పనుల్లో అక్రమాలపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన ఇంజినీర్ సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. తన పేరు గోప్యంగా ఉంచాలని ఆయన ముందే కోరారు. ఆ తర్వాత 2004లో కేంద్రం ఒక తీర్మానం చేసింది. పదేళ్లకు విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టం వచ్చింది. 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం పొందినా అమలు తేదీని నోటిఫై చేయలేదు. మన పత్రికలు ప్రజావేగు అని పిలిచే మనిషికి రక్షణ చట్టం అచ్చయింది గానీ అమల్లోకి రాలేదన్నమాట. వచ్చినా అందులో వాటా మాట లేదు.

2004 తీర్మానం మాత్రం పనిచేస్తోంది. దాని కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు సీల్డ్ కవరులో ఫిర్యాదు పంపాలి. కవరు మీద అది ప్రజాప్రయోజన వెల్లడి ఫిర్యాదు అని రాయాలి. పేరు, చిరునామా లోపలి కాగితంలోనే ఉండాలి, కవరు మీద కాదు. పేరు లేని ఫిర్యాదును తీసుకోరు. చీమకుర్తి గుమస్తాకు అసలు చిక్కు ఇక్కడే. ఈ తీర్మానం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, సంస్థలకే వర్తిస్తుంది. గ్రానైట్ చిన్నతరహా ఖనిజం, సీనరేజీ రాష్ట్రానికి వెళ్తుంది, గనుల శాఖ రాష్ట్రానిది. ఆ కవరు ఆయనకు పనికిరాదు.

మరి ఆయన ముందున్న దారులేమిటి?

క్రిమినల్ కేసు సంగతి ముందు చూద్దాం. గనుల చట్టం సెక్షన్ 22 ప్రకారం, ఆ చట్టం కింద నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వం అధికారమిచ్చిన వ్యక్తి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గుమస్తా చేస్తే చాలదు. అయితే ప్రభుత్వ భూమి నుంచి ఖనిజాన్ని ఎత్తుకెళ్లడం దొంగతనం కూడా అవుతుందని, దానిపై పోలీసులు కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అనుమతి లేకుండా తవ్విన ఖనిజం ధరను రాబట్టే అధికారం సెక్షన్ 21(5) రాష్ట్రానికి ఇస్తుంది. అధికారం ఉంది. వాడాలా వద్దా అన్నది మాత్రం అధికారి చేతిలో ఉంది.

ఫిర్యాదును రాష్ట్ర విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కు ఇవ్వొచ్చు. అధికారి లంచం తీసుకుంటున్నాడంటే ఏసీబీకి, అధికార దుర్వినియోగమైతే లోకాయుక్తకు వెళ్లొచ్చు. కలెక్టరేట్ అర్జీ సులువే గానీ, అది తిరిగి తిరిగి సంబంధిత శాఖ బల్ల మీదికే చేరుతుంది. ఫిర్యాదు ఎవరి మీదో ఆ బల్లే అయితే? పేరు బయటపడకుండా ఉండాలనుకునేవారికి ఇది సరైన దారి కాదు.

బిల్లుల్లేని అమ్మకాల సొమ్ము ఆదాయపు పన్ను లెక్కల్లో లేకపోతే ఇంకో తలుపు ఉంది. ఆ శాఖ 2018 పథకం కింద ఇలాంటి సమాచారం ఇచ్చినవారికి 50 లక్షల రూపాయల వరకు బహుమతి ఇవ్వొచ్చు. అమెరికా వాటాకు మన దగ్గర దగ్గరి చుట్టం ఇదే. కాకపోతే అక్కడ వాటా హక్కు, ఇక్కడ బహుమతి శాఖ దయ.

ఇక హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం. గ్రానైట్ విషయంలో పొరుగున మదురై అనుభవం ఉంది. 2012లో అక్కడి కలెక్టర్ యు.సగాయం గ్రానైట్ అక్రమాల వల్ల రాష్ట్రానికి 16 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని ప్రభుత్వానికి లేఖ రాశారు. కొద్ది రోజుల్లోనే ఆయన్ని బదిలీ చేశారు. సామాజిక కార్యకర్త ‘ట్రాఫిక్’ రామస్వామి వేసిన పిల్‌పై మద్రాస్ హైకోర్టు 2014లో అదే సగాయంను విచారణకు నియమించింది. 2015లో ఆయన నివేదిక ఇచ్చారు. లోపలి మనిషి లేఖతో ఆగిపోయిన పనిని బయటి మనిషి పిల్ ముందుకు నెట్టింది. ఆ లోపలి మనిషి ఐఏఎస్ అధికారి కాబట్టి బదిలీతో సరిపోయింది. నెల జీతం మీద బతికే గుమస్తాకు అంత వెసులుబాటు ఉండదు.

ఆధారాలు, పేరు

క్వారీ యాజమాన్యం కాగితాలను బయటికి తెస్తే దొంగతనం కేసు పెట్టే ప్రమాదం ఉంటుంది. సమాచార హక్కు కింద ఆ లీజుకు ఇచ్చిన పర్మిట్లు, కట్టిన సీనరేజీ వివరాలు అడగడం మేలు. జిల్లా కార్యాలయానికి దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ వివరాలు గోప్యమైనవని యాజమాన్యం భావించి ఉంటే, సెక్షన్ 11 ప్రకారం అధికారి ఐదు రోజుల్లోగా వాళ్లకు నోటీసిచ్చి అభిప్రాయం అడగాలి. ఎవరో అడిగారన్న సంగతి క్వారీకి అలా తెలిసిపోతుంది. అందుకే దరఖాస్తును గుమస్తా కాకుండా నమ్మకమైన మరొకరు పెట్టడమే క్షేమం.

ఫిర్యాదు చేసింది ఎవరని ఎదుటివాళ్లు ఆర్‌టీఐ వేసి అడిగితే? సమాచారం ఇచ్చినవారిని గుర్తిస్తే ప్రాణానికి ముప్పుంటుందనుకుంటే ఆ వివరం ఇవ్వకుండా ఉండటానికి సెక్షన్ 8(1)(జి) అధికారికి వీలు కల్పిస్తుంది. ఫిర్యాదు రాసేటప్పుడే ఈ సెక్షన్‌ను పేర్కొని, పేరు గోప్యంగా ఉంచాలని కోరాలి. కేసు నమోదై సాక్షిగా మారితే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ పథకాన్ని సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరు 5న ఆమోదించి, దాన్ని చట్టంలాగే పాటించాలని రాష్ట్రాలను ఆదేశించింది.