పసిగుండె తలుపులు



కవాటమనగా తలుపు. మన గుండెలో అట్టి తలుపులు నాలుగు కలవు. నెత్తురు ముందునకు పోవునపుడు తెరచుకొనుటయు, వెనుకకు మరలకుండ మూసికొనుటయు వాని పని. కొందఱు శిశువులకు పుట్టుకతోనే ఈ తలుపురెక్కలు అంచులయందు ఒకదానితో నొకటి అతుకుకొని యుండును. చెరువుతూము పూడినచో కట్టమీద ఎట్టి ఒత్తిడి పడునో మీకు నేను చెప్పవలసిన పని లేదు. అట్లే ఇఱుకైన తలుపు వెనుకనున్న గుండెగది మిక్కిలి బలముతో నెత్తురును త్రోయవలసివచ్చి, గోడలు మందమై, తుదకు అలసిపోవును. ఱొమ్ము కోయకయే ఈ తలుపును తెరచు విద్య ఎట్లు పుట్టెనో నేడు మనవి చేసెదను.

బ్రతికియున్న మనుష్యుని గుండెను తాకరాదని వైద్యులు చిరకాలము తలంచియుండిరి. 1929లో జర్మనీదేశమున ఎబెర్స్‌వాల్డె పట్టణమునందు వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు, పై అధికారి వలదన్నను వినక, తన చేతి సిరలోనికి సన్నని గొట్టమును 65 సెంటీమీటర్ల వఱకు దూర్చుకొని, అట్లే నడచి ఎక్సురే గదికి పోయి, గొట్టము కొన గుండెలో నున్నట్లు చిత్రము తీయించెను. ఆ గొట్టమునే కాథెటర్ అందురు. నాటి పెద్దలు మెచ్చకపోగా నిందించిరి. ఆతడు తుదకు మూత్రకోశవైద్యమును వృత్తిగా గైకొనెను. న్యూయార్కు నగరమున కూర్నాన్, రిచర్డ్స్ అను వైద్యులు ఆ పద్ధతిని గుండెజబ్బుల పరీక్షకు సాధనముగా తీర్చిదిద్దిరి. 1956లో ఆ మువ్వురికిని నోబెల్ బహుమానము లభించెను.

అంతవఱకు గొట్టము చూచివచ్చు దూత మాత్రమే. తలుపు తెరువవలెనన్న కత్తియే శరణ్యము. 1947, 1948 సంవత్సరములలో లండను శస్త్రవైద్యులు సెల్లర్స్, బ్రాక్ అనువారు ఱొమ్ము తెరచి, కొట్టుకొనుచున్న గుండెలోనికి కత్తి పోనిచ్చి, ఊపిరితిత్తులకు పోవు నెత్తుటిదారి తలుపును విడదీసిరి. 1953లో మెక్సికోదేశమున రూబియో అల్వారెజ్, లిమోన్ లాసన్ అనువారు గొట్టములో తీగ నమర్చి ఆ తలుపునే లోపలినుండి చీల్చిరి. 1966లో ఫిలడెల్ఫియా వైద్యుడు రాష్కిండ్, గొట్టము కొనకు బుడగను కట్టి, నవజాతశిశువుల గుండె పైగదుల నడిమి గోడకు దారి చేసెను. అది తలుపుపని కాదు. అయినను పసిగుండెలో బుడగ పని చేయగలదని దానివలన రుజువాయెను.

1982లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున జీన్ కాన్ అను వైద్యురాలును, ఆమె సహచరులును అసలు మార్గమును ప్రకటించిరి. బిడ్డకు మత్తు నిచ్చి, గజ్జలోని సిరగుండ గొట్టమును గుండెకు పంపుదురు. ముడిచిన బుడగను ఇఱుకుతలుపు నడుమ నిలిపి, కొన్ని క్షణములు ద్రవముతో ఉబ్బింతురు. అతుకుకొన్న అంచులు విడిపోవును. పిమ్మట బుడగను కుదించి వెనుకకు తీసికొందురు. ఱొమ్మున గాటు ఉండదు.

మఱుసటి యేడు లబాబిదీ అను వైద్యుడు బృహద్ధమని తలుపునకును ఈ పద్ధతి నన్వయించి చూపెను. 1984లో జపానుదేశీయుడు ఇనోవే, కీళ్లవాతజ్వరముచే బిగిసిన ఎడమవైపు తలుపునకు వేఱొక విధమగు బుడగను ప్రకటించెను. ఈ జ్వరము మన దేశపు బిడ్డలను మిక్కిలి బాధించినది. 1985లో అమెరికా వైద్యుడు జేమ్స్ లాక్, మన దేశపు వైద్యులతో కలసి, ఎనమండుగురు బాలురకును యువకులకును ఇట్టి చికిత్స జరిపిన వృత్తాంతమును ప్రచురించెను. 2000లో బాన్‌హఫర్ అను వైద్యుడు పారిసునగరమున పండ్రెండేండ్ల బాలునికి గొట్టముద్వారా క్రొత్త తలుపునే అమర్చెను.

ఇది సర్వరోగనివారిణి కాదు. కొన్ని తలుపులు మరల బిగియును, కొన్ని కారును, కొందఱికి నేటికిని కత్తియే గతి.

ఇక నా మాట ఒకటి. 1986లో నేనొక పల్లెలో ఉపాధ్యాయుడనుగా నుంటిని. ఆటవేళ ఒక బాలుడు నాలుగడుగులు పరుగెత్తి చెట్టునీడన కూలబడెడివాడు. సోమరి యని తలచి ఎండలో నిలువబెట్టితిని. రెండేండ్లకు వాడు గతించెను. గుండె తలుపు బిగిసినదని పట్టణపు వైద్యుడు చెప్పెనని తండ్రి నాతో ననెను. నన్ను ఒక్క మాట అనలేదు. బాల్టిమోర్‌లో విద్య అప్పటికే పుట్టియుండెను. అది మా యూరికి రాలేదు. బిడ్డ ఆయాసమును చూచుటకు మాత్రము నాకు కన్ను లుండెను, చూడనైతిని.

కావున పెద్దలారా! ఆడుచు ఆడుచు ఎగరోజు బిడ్డను, మూర్ఛపోవు బిడ్డను, పెదవులు నీలమగు బిడ్డను దిష్టి యనియో, సోమరితన మనియో విడువకుడు. వైద్యుడు చెవిగొట్టముతో వినిన, ఇఱుకుతలుపు సవ్వడి తెలియును. గొంతునొప్పితో జ్వరము వచ్చినను, పిదప కీళ్లు వాచినను ఉపేక్షింపకుడు. తలుపు తెరచు విద్య నేడు మన దేశమునను కలదు. బిడ్డను ఆ వాకిటికి చేర్చుట మన వంతు.