వచ్చిండు, అచ్చిండు

‘వచ్చాడు’ అసలైన తెలుగనీ, ‘వచ్చిండు’ దాని చెడిన రూపమనీ చాలాకాలం బడుల్లో చెప్పారు. సిరిసిల్ల పిల్లలు ఆ మాట పడుతూనే పెరిగారు. ధ్వనుల చరిత్ర చూస్తే ఆ నిందకు ఆధారమే లేదు.

రెండూ ‘వచ్చినాఁడు’ నుంచి పుట్టినవే. రాయలసీమ ఆ రూపాన్ని దాదాపు అలాగే నిలుపుకుంది. కోస్తా నోట నడిమి ‘ఇన’ కరిగి ‘వచ్చాడు’ మిగిలింది. తెలంగాణ నోట దీర్ఘమైన ‘ఆ’ పోయింది. నకారం డకారాన్ని ఆనుకుని ‘వచ్చిండు’ అయింది, బహువచనంలో ‘వచ్చిన్రు’. జరిగిన కాలాన్ని చెప్పే నకారం కోస్తాలో పోయింది, ఇక్కడ నిలిచింది. అరిగిందెవరి మాటో చదువరులే చెప్పాలి.

జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ధ్వని ఇంకో అడుగు వేసింది. మాట మొదటి వకారం జారి ‘అచ్చిండు’ అయింది. సకారం పక్కనున్న తకారంలో కలిసిపోగా ‘వస్తున్నది’ కాస్తా ‘అత్తాంది’ అయింది. సకారం ఇలా తకారంలో కలవడం ఈ గడ్డకే పరిమితం కాదు, తూర్పు తీరపు పల్లెల్లోనూ ‘వత్తాడు’ వినిపిస్తుంది. ‘మేక’ను ‘మ్యాక’ అనడమూ అంతే: తర్వాతి అక్షరంలో అకారం ఉంటే ఏకారం పలికేటప్పుడు నోరు మరింత తెరుచుకుంటుంది. ఆ అచ్చుకు మన వర్ణమాలలో అక్షరమే లేదు.

ఇక్కడి తెలుగు నిన్నటిది కాదు. వేములవాడ చాళుక్యుల కాలంలో, పదో శతాబ్దిలో, కన్నడ కవి పంప తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్టపై సంస్కృత, కన్నడాలతో పాటు తెలుగు కంద పద్యాలూ చెక్కించాడు. నన్నయకు ముందటి మాట ఇది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విడదీసి, తెలంగాణను ఉత్తర మండలమన్నారు. మాండలిక వృత్తి పదకోశంలో చేనేతకు ఒక సంపుటమే కేటాయించారు. ఆ పని విలువ సిరిసిల్లలో ఇంకా బాగా తెలుస్తుంది. బొంబాయి, భివండి వెళ్లి పనిచేసిన నేతన్నలు మరమగ్గంతో పాటు దాని భాషనూ వెంట తెచ్చుకున్నారు. మరమగ్గం ఇక్కడ సాంచా, నూలిచ్చేవాడు సేటు, కూలికి నేయించేవాడు ఆసామి. అచ్చతెలుగు మాటల్లో సాధారణంగా కనిపించని మహాప్రాణ ధ్వని, పడుగు చుట్టే ఇంగ్లీషు ‘బీము’కు పట్టి, అది ‘భీము’ అయింది.