భూగర్భశాస్త్ర ప్రాయోగిక తరగతి

భూగర్భశాస్త్ర ప్రాయోగిక తరగతి అనగా డిగ్రీ కళాశాలలలో బి.ఎస్సీ. భూగర్భశాస్త్రం చదివే విద్యార్థులు ఖనిజాలను, శిలలను, శిలాజాలను, పటాలను స్వయంగా పరిశీలించి గుర్తించడం నేర్చుకొనే తరగతి. వాడుకలో దీనిని ప్రాక్టికల్స్ అనీ, ల్యాబ్ అనీ అంటారు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి ఒక చర్యను తానే జరిపి ఫలితాన్ని చూస్తాడు. ఇక్కడ ఆ చర్య కోట్ల సంవత్సరాల క్రితమే ముగిసిపోయింది. మిగిలిన రాతిని బట్టి జరిగినదేమిటో నిర్ధారించుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంటర్మీడియట్‌లో ఈ శాస్త్రాన్ని చదివి వచ్చేవారు బహు తక్కువ కనుక, చాలామందికి మొదటి సంవత్సరపు ప్రాయోగిక తరగతే దీనితో తొలి పరిచయం.

నేపథ్యం

తెలుగు ప్రాంతాలలో శాస్త్రీయ శిలాపరిశీలన కళాశాలల కంటే ముందు సర్వేలతో మొదలయింది. లాంబ్టన్ నాయకత్వంలోని మహా త్రికోణమితీయ సర్వేలో 1818లో చేరిన వైద్యుడు వాయిసీ హైదరాబాదు పరిసరాల శిలలను పరిశీలించాడు. 1851లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ప్రచురించిన కడప, కర్నూలు శిలాసముదాయాల వివరణ నేటికీ పాఠ్యాంశమే. కడప, కర్నూలు అనే జిల్లాల పేర్లు శిలాసముదాయాల పేర్లుగా దేశమంతటా పాఠ్యపుస్తకాలలో కనబడడానికి ఈ కృషే కారణం.

ఖనిజాల గుర్తింపు

తొలి వారాలన్నీ ఖనిజాలకే సరిపోతాయి. రంగు, మెరుపు, గీటు రంగు, కాఠిన్యం, విదళనం, పగులు, విశిష్ట గురుత్వం అనే వరుసలో ప్రతి నమూనాను పరీక్షించి రికార్డు పుస్తకంలో వ్రాస్తారు. వీటిలో ముందుగా కంటబడేది రంగు, మోసగించేదీ అదే. నల్లగా, ఉక్కులా మెరిసే హెమటైట్ ముక్కను మెరుగుపెట్టని పింగాణీ పలకపై గీస్తే గోడలకు పూసే జాజు రంగు గీటు పడుతుంది. చూపుకు దాదాపు అదేవిధంగా ఉండే మాగ్నటైట్ నల్లని గీటునిస్తుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది.

కాఠిన్యానికి జర్మన్ ఖనిజశాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన మానాన్ని వాడుతారు. అందులో బలపపు రాయి 1, సున్నపురాతిలోని కాల్సైట్ 3, పలుగురాయి 7, కురువిందం 9, వజ్రం 10. చేతిగోరు సుమారు 2.5, చాకు మొన, గాజుముక్క సుమారు 5.5 కనుక ప్రత్యేక పరికరాలు లేకున్నా పని జరుగుతుంది. అయితే ఇవి వరుస సంఖ్యలే తప్ప కొలతలు కావు. కురువిందానికీ వజ్రానికీ మధ్యనున్న అంతరం మిగిలిన ఏ రెండు మెట్ల మధ్యనున్న అంతరం కంటే ఎన్నో రెట్లు పెద్దది. వజ్రం పలుగురాతికంటే ఒకటిన్నర రెట్లు గట్టిది అని లెక్కకట్టడం పరీక్ష పత్రాలలో తరచు కనిపించే పొరపాటు.

విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేవి తెల్లని రాళ్ళు. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాల్సైట్, ముగ్గురాయిగా పిలిచే బెరైటీస్ - ఈ నాలుగింటిని పక్కపక్కన పెడితే అలవాటు లేని కంటికి నాలుగూ ఒకటే. చాకుతో గీస్తే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ లొంగవు. వీటిలో ఫెల్డ్‌స్పార్ నునుపైన తలాల వెంబడి చీలుతుంది, పలుగురాయి గాజులాగా వంకరగా పగులుతుంది. మిగిలిన రెండింటిపై విలీన హైడ్రోక్లోరికామ్లం ఒక చుక్క వేస్తే కాల్సైట్ బుసబుస పొంగుతుంది, ముగ్గురాయి ఊరకుంటుంది. అసలు ముగ్గురాతిని ఆమ్లం దాకా తీసుకుపోనక్కరలేదు, చేతిలోకి తీసుకుంటేనే దాని బరువు తెలుస్తుంది. గాలిలో 180 గ్రాములు తూగిన ముక్క నీటిలో 140 గ్రాములు తూగితే, తగ్గిన 40తో 180ని భాగించగా వచ్చే 4.5 దాని విశిష్ట గురుత్వం. పలుగురాతికి ఇది 2.65 మాత్రమే. చమురు బావులు త్రవ్వేటప్పుడు వాడే బురదకు బరువు చేకూర్చడానికి మంగంపేట ముగ్గురాయి విదేశాలకు ఎగుమతి కావడానికి కారణం ఈ గుణమే.

శిలల పరిశీలన

ఖనిజాల తరువాత అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు వస్తాయి. ఇక్కడ చూడవలసినది ఖనిజాలతో పాటు వాటి అమరిక. ఒకే ద్రవం భూమిలోతున నెమ్మదిగా చల్లారితే పెద్ద స్ఫటికాలు, పైకి ఉబికి త్వరగా చల్లారితే కంటికి కనబడని సన్నని స్ఫటికాలు ఏర్పడుతాయి. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లని బసాల్టు రెండవ రకానికి చెందినది. ఇది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కను లావా.

వ్యాపారంలోని పేరు, శాస్త్రంలోని పేరు ఒకటి కాకపోవచ్చునని తెలిసేది కూడా ఇక్కడే. చీమకుర్తి నుండి గెలాక్సీ గ్రానైట్ పేరుతో వెళ్ళే రాతిలో గ్రానైట్‌కు ముఖ్యమైన పలుగురాయి కనబడదు. అది గాబ్రో కుటుంబపు శిల, దానిలో చుక్కలవలె మెరిసేవి పైరాక్సీన్ జాతి ఖనిజపు రేణువులు. ఇళ్ళలో పరచే తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు సున్నపురాతి పొరలు కనుక వాటిపై ఆమ్లం పడరాదు. నిమ్మరసం పడినచోట మరక మిగలడం చూసిన విద్యార్థికి ఈ పాఠం వేరుగా చెప్పనక్కరలేదు.

విశాఖపట్నం కొండలలోని ఖోండలైటుకు ఒడిశాలోని ఖోండు తెగ పేరిట వాకర్ ఆ పేరు పెట్టాడు. చార్నకైటుకు ఆ పేరు కలకత్తాలోని జాబ్ చార్నక్ సమాధి రాతి మూలంగా వచ్చింది, పెట్టినవాడు థామస్ హాలండ్.

ధ్రువణ సూక్ష్మదర్శిని

పై తరగతులలో శిలను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజుపలకపై అతికించి ధ్రువణ సూక్ష్మదర్శినితో చూస్తారు. ఈ మందం సరిగా ఉంటే ధ్రువకాలు అడ్డంగా ఉన్నప్పుడు పలుగురాయి బూడిద రంగులో కనిపిస్తుంది. పసుపుపచ్చగా కనిపిస్తే పలక ఇంకా మందంగా ఉన్నదన్నమాట. గార్నెట్ పూర్తిగా నల్లబడుతుంది, ప్లేజియోక్లేజ్‌లో నలుపు తెలుపు చారలు బయటపడుతాయి. ఈ సూక్ష్మదర్శినులు ఖరీదైనవి. చాలా కళాశాలలలో ఒకటి రెండే ఉండి, ఒక్కొక్క విద్యార్థికి దొరికే సమయం కొద్ది నిమిషాలే కావడం ఈ పాఠానికి ఉన్న పెద్ద లోటు.

పటాలు, ఛేదాలు

భారత సర్వేక్షణ సంస్థ వారి 1:50,000 పటాలపై సమోన్నత రేఖలను చదవడం, భూగర్భ పటం నుండి నిలువు ఛేదం గీయడం ఈ భాగంలోని అంశాలు. 2005 నాటి జాతీయ పట విధానం తరువాత ప్రజలకు వేరుగా ఓపెన్ సిరీస్ పటాలు రావడంతో కళాశాలలకు పటాలు దొరకడం సులువయింది.

శిలాపొర క్షితిజ తలంతో చేసే వాలు కోణాన్ని డిప్ అని, వాలుకు లంబంగా ఉండే క్షితిజ రేఖ దిశను స్ట్రైక్ అని అంటారు. వీటిని క్లైనోమీటరు దిక్సూచితో కొలుస్తారు. ఈ కొలత ఎందుకింత జాగ్రత్తగా నేర్పుతారో ఒక లెక్కతో తెలుస్తుంది. నీరున్న ఒక పొర నేలపై బయటపడిన చోటు నుండి, చదునైన నేలపై, అది వాలిన దిశగా 500 మీటర్ల దూరంలో బోరు వేయాలనుకొందాం. డిప్ 10 డిగ్రీలయితే పొర 88 మీటర్ల లోతున తగులుతుంది. 15 డిగ్రీలయితే 134 మీటర్లకు గాని తగలదు. అయిదు డిగ్రీల తేడా 46 మీటర్ల అదనపు త్రవ్వకం. దిశను తారుమారుగా చదివితే ఎంత లోతుకు పోయినా ఆ పొర అందదు. తరగతిలో ఇది సగం మార్కు పొరపాటు, పొలంలో మాత్రం రైతు తీర్చవలసిన అప్పు.

ఛేదం గీసేటప్పుడు నిలువు స్కేలును పెంచి గీయడం కూడా ప్రమాదకరమైన అలవాటు. నిలువును అయిదు రెట్లు సాగదీస్తే 10 డిగ్రీల వాలు కాగితంపై సుమారు 41 డిగ్రీలుగా కనిపిస్తుంది. పెంపు ఎంతో ఛేదం క్రింద వ్రాయకపోతే ఆ చిత్రానికి విలువ లేదు.

క్షేత్ర పర్యటన

పాఠ్యప్రణాళికలో భాగంగా విద్యార్థులను కొన్ని రోజులు క్షేత్రానికి తీసుకువెళతారు. తిరుమల ఘాట్ రోడ్డు వెంబడి కనిపించే ఎపార్కియన్ విషమవిన్యాసం, అక్కడి సహజ శిలాతోరణం, బెలూం గుహలు, భీమిలి వద్దనున్న ఎర్రమట్టి దిబ్బలు తరచుగా ఎంచుకొనే ప్రదేశాలు. ఘాట్ రోడ్డులో గ్రానైటు పైన క్వార్ట్‌జైటు నేరుగా కూర్చున్న గీతపై చెయ్యి పెడితే, ఆ చేతి క్రింద కోట్ల సంవత్సరాల కాలం చెరిగిపోయి ఉన్నట్లే. తిరుమల, ఎర్రమట్టి దిబ్బల వంటి చోట్ల సుత్తితో కొట్టరాదు, నమూనాలు తీయరాదు.

పరీక్షలు

సంవత్సరాంతంలో గాని సెమిస్టరు చివర గాని జరిగే పరీక్షలో నమూనాల గుర్తింపు, పట సమస్య, రికార్డు, మౌఖిక పరీక్ష ఉంటాయి. ఒక పెట్టెలోని నమూనాలే ఏళ్ళతరబడి వాడుకలో ఉండడం వలన, విరిగిన మూలను బట్టి, పెయింటుతో వేసిన సంఖ్యను బట్టి పేరు చెప్పేవారు ఉంటారు. ఇటువంటివారు కళాశాల గడప దాటిన వెంటనే తెలియని రాయి ముందు నిలబడిపోతారు. పేరు తప్పయినా పరీక్షలను వరుసగా చేసి చూపినవానికి మార్కులు ఇవ్వడం, అప్పుడప్పుడు కొత్త ముక్కలు పెట్టడం దీనికి విరుగుడు.

జాగ్రత్తలు

ఆమ్లాన్ని చుక్కలుగానే వాడి, పరీక్ష తరువాత నమూనాను కడగాలి. రాతిని కొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి, పొడిగా అరగదీస్తే లేచే పలుగురాతి ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గెలీనా సీసపు ఖనిజం కనుక ముట్టుకొన్న తరువాత చేతులు కడుక్కోవాలి.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ అవసరమైనది రాతినార. పులివెందుల ప్రాంతంలో డోలమైటులోనికి చొచ్చుకు వచ్చిన డోలరైటు అంచున ఏర్పడిన క్రైసోటైల్ రాతినార నమూనాలు పాత కళాశాలల పెట్టెలలో ఉంటాయి. రాయి దూదిలా విడిపోవడం వింతగా ఉంటుంది కాబట్టి పోగులు లాగి చూడడం ఒకప్పుడు తరగతిలో మామూలు. ఆ పోగులు ఊపిరితో లోనికి పోతే దశాబ్దాల తరువాత కూడా క్యాన్సరు రావచ్చునని ఇప్పుడు రుజువయింది. అటువంటి నమూనాలను మూత బిగించిన గాజు సీసాలో ఉంచి, సీసా తెరవకుండానే చూపాలి. వాటిపై కాఠిన్యం, గీటు పరీక్షలు చేయించరాదు.