సైకాలజీ డిగ్రీలో లెక్కలెందుకు?

"లెక్కలు ఉండవు కదా అని సైకాలజీ తీసుకున్నాను." డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల నోట ఈ మాట తరచుగా వినిపిస్తుంది. జంషెడ్‌పూర్‌లోనైనా, విశాఖపట్నంలోనైనా తేడా ఉండదు. కొద్ది నెలలు గడిచేసరికి వాళ్ల ముందుకు సాంఖ్యకశాస్త్రం పేపరు వస్తుంది. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధ గుణకం వరుసగా ఎదురవుతాయి. వాటి వెనకే ప్రాక్టికల్ రికార్డు వచ్చిపడుతుంది. "మనసు గురించి చెబుతారనుకుంటే ఈ కూడికలూ తీసివేతలూ ఏమిటి?" అని నిట్టూర్చడం అప్పుడే మొదలవుతుంది.

ఈ ప్రశ్నకు జవాబు సిలబస్ పుస్తకంలో దొరకదు. ఆ సిలబస్ తయారైన చరిత్రలో దొరుకుతుంది. ఆ చరిత్ర తెలిస్తే ఏ కోర్సు ముందు చదవాలో, ఏది తర్వాత చదవాలో, దేన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకూడదో మీరే నిర్ణయించుకోగలుగుతారు. ఇప్పటి డిగ్రీ విధానంలో ఆ ఎంపిక చాలావరకు మీ చేతిలోనే ఉంది కాబట్టి ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

మన ప్రయాణానికి జంషెడ్‌పూర్‌ను కేంద్రంగా పెట్టుకుందాం. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో మొదటి ఉక్కు పోతపోసిన ఊరు ఇది. కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వాళ్లు కట్టుకున్నదే. ఈ ఊరి నుంచి ఒక్క రాత్రి ప్రయాణం చేస్తే చాలు, భారతదేశంలో సైకాలజీ పుట్టి పెరిగిన ముఖ్యమైన చోట్లను చూసి రావచ్చు.

స్కేలుతో ఒక ప్రయోగం

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ స్నేహితుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమనండి. మీరు సున్నా గీత దగ్గర బొటనవేలూ చూపుడువేలూ తాకీ తాకకుండా ఉంచండి. అతను చెప్పకుండా స్కేలు వదిలేస్తాడు, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల గీత దగ్గర పట్టుకున్నారనుకోండి. వస్తువులు కిందపడే వేగానికి సంబంధించిన సూత్రం ప్రకారం లెక్క కడితే మీకు పట్టిన సమయం సుమారు 0.2 సెకను. ఇది మీ ప్రతిచర్యా కాలం.

1868లో హాలెండ్ శాస్త్రజ్ఞుడు డాండర్స్ ఇలాంటి కొలతలతోనే ఒక కొత్త ఆలోచన చేశాడు. ఒకే సంకేతానికి ఒకే జవాబు ఇవ్వడానికి కొంత సమయం పడుతుంది. రెండు మూడు సంకేతాలలో ఏది వచ్చిందో గుర్తించి తగిన జవాబు ఎంచుకోవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండోదానిలోంచి మొదటిదాన్ని తీసివేస్తే మిగిలేది మనసు ఎంపిక చేసుకోవడానికి తీసుకున్న సమయం! కంటికి కనిపించని మనసు పనిని ఒక తీసివేత లెక్కతో పట్టుకున్నాడన్నమాట. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల స్థాపించినప్పుడు అక్కడ జరిగిన ముఖ్యమైన పరిశోధనల్లో ప్రతిచర్యా కాలం కొలవడం ఒకటి. సైకాలజీ తత్వశాస్త్రం నుంచి వేరుపడి ప్రయోగశాస్త్రంగా నిలబడిన సంవత్సరంగా చరిత్రకారులు సాధారణంగా 1879నే చెబుతారు.

ఇప్పుడు మీ స్కేలు ప్రయోగాన్ని పదిసార్లు చేసి చూడండి. పదిసార్లూ ఒకే అంకె రాదు. మరి మీ అసలు ప్రతిచర్యా కాలం ఏది? సగటు కావాలి. మీ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయి? ప్రామాణిక విచలనం కావాలి. మీ స్నేహితుడి సగటు మీకంటే తక్కువ వస్తే అది నిజమైన తేడాయా, యాదృచ్ఛికమా? పరీక్షించి చూడాలి. సాంఖ్యకశాస్త్రం సైకాలజీలోకి బయటినుంచి చొరబడలేదు. మనసును కొలవడం మొదలైన నాడే దాని అవసరం ఏర్పడింది.

ఒక తత్వవేత్త, రెండు శాస్త్రాలు

జంషెడ్‌పూర్ నుంచి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో కలకత్తా ఉంది. 1905లో అక్కడి విశ్వవిద్యాలయం కోసం ప్రయోగాత్మక సైకాలజీకి ఒక పాఠ్యప్రణాళిక రాసినవారు ఆచార్య బ్రజేంద్రనాథ్ శీల్. ఆయన తత్వశాస్త్ర పండితుడు. దీని వెనుక అశుతోష్ ముఖర్జీ ప్రోత్సాహం ఉంది. 1916లో సైకాలజీ ప్రత్యేక శాఖగా ఏర్పడింది. దానికి బాధ్యత వహించిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ వద్ద శిక్షణ పొందినవారు. మున్‌స్టర్‌బర్గ్ స్వయంగా వుంట్ శిష్యుడు. అంటే లైప్‌జిగ్ ప్రయోగశాల వారసత్వం కేవలం రెండు తరాలలో కలకత్తా చేరిందన్నమాట.

ఆ రోజుల్లోనే మరో సంఘటన జరిగింది. 1917లో విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాలను విశ్లేషించి పెట్టమని శీల్ ఒక యువ భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి అడిగారు. ఆ యువకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన సాంఖ్యకశాస్త్రంలో చేసిన తొలి పనుల్లో అది ఒకటి. తర్వాత 1931లో ఆయనే భారత గణాంక సంస్థను స్థాపించారు. మన దేశంలో సైకాలజీకి మొదటి సిలబస్ రాసిన చేయీ, గణాంకశాస్త్రానికి మొదటి వ్యక్తిని పురమాయించిన చేయీ ఒక్కటే! మీ మార్కుల జాబితాలో ఈ రెండు సబ్జెక్టులు పక్కపక్కన కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

శీల్ తర్వాత మైసూరు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా వెళ్లారు. 1924లో అక్కడా సైకాలజీ శాఖ ఏర్పడింది. దాన్ని నడిపిన ఎం. వి. గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ వద్ద చదివారు. సామాన్య ప్రజ్ఞ అనే భావనను 1904లో సహసంబంధ గుణకాల ఆధారంగా ప్రతిపాదించినవాడే ఈ స్పియర్‌మన్. కలకత్తాకు ప్రయోగశాల, మైసూరుకు మానసిక పరీక్షలు – ఇలా రెండు సంప్రదాయాలు మన దేశానికి వచ్చాయి.

ఆసుపత్రి, కర్మాగారం

మూడో పాయ ఆసుపత్రి నుంచి వచ్చింది. జంషెడ్‌పూర్ నుంచి రాంచీ సుమారు 130 కిలోమీటర్లు. రాంచీ శివార్లలోని కాంకేలో 1918లో యూరోపియన్ల కోసం ఒక మానసిక చికిత్సాలయం తెరిచారు. అదే నేటి కేంద్రీయ మనశ్చికిత్సా సంస్థ. 1925లో భారతీయుల కోసం అక్కడే మరో ఆసుపత్రి వెలిసింది. మొదటి ఆసుపత్రికి అధికారిగా పనిచేసిన ఓవెన్ బర్కిలీ-హిల్, కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో ఏర్పాటుచేసిన భారత మనోవిశ్లేషణ సంఘంలో తొలి సభ్యుల్లో ఒకరు. డిగ్రీలో మీరు చదివే మానసిక రుగ్మతల పేపరుకు మూలాలు ఇటువంటి చోట్ల ఉన్నాయి.

నాలుగో పాయ కర్మాగారం. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో పరిశ్రమలు కార్మికుల గురించి శాస్త్రీయంగా తెలుసుకోవాలని ప్రయత్నించాయి. 1947లో అహమ్మదాబాద్‌లో ఏర్పడిన జౌళి పరిశోధన సంఘంలో మనస్తత్వ పరిశోధనకు ఒక విభాగమే ఉండేది. 1953లో అక్కడి కాలికో మిల్లులో ఎ. కె. రైస్ మగ్గాల దగ్గర పనిని చిన్న బృందాలకు అప్పగించి ఫలితాలను పరిశీలించాడు. 1949లో జంషెడ్‌పూర్‌లోనే జెస్యూట్ ఫాదర్లు ఎక్స్.ఎల్.ఆర్.ఐ. సంస్థను నెలకొల్పారు. కార్మిక సంబంధాల అధ్యయనానికి అది దేశంలో పేరుపొందింది. సంస్థాగత ప్రవర్తన అనే పేపరును ఉక్కు నగరంలో చదివే విద్యార్థికి ఉదాహరణల కోసం పుస్తకంలో వెతుక్కోవలసిన పనిలేదు. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడితే చాలు.

మన తెలుగు నేలమీద 1967లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కె. రామకృష్ణారావు ఆధ్వర్యంలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖ ప్రారంభమైంది. అతీంద్రియ శక్తుల గురించి పారాసైకాలజీ చెప్పే ఫలితాలను శాస్త్రలోకం సాధారణంగా అంగీకరించలేదు. అయితే ఆ వాదం నడిచింది కూడా సంభావ్యతలు, నియంత్రిత ప్రయోగాలు, పునఃపరీక్షల భాషలోనే. ఒక ఫలితాన్ని నమ్మాలన్నా, కాదనాలన్నా పరిశోధనా పద్ధతులు తెలిసి ఉండాలి.

సిలబస్‌ను పొరలుగా చదవండి

జంషెడ్‌పూర్ కళాశాలల మీద అధికారం ఎన్నో విశ్వవిద్యాలయాల చేతులు మారింది. పాట్నా, బీహార్ విశ్వవిద్యాలయాల తర్వాత 1960లో రాంచీ విశ్వవిద్యాలయం, 2009లో కొల్హాన్ విశ్వవిద్యాలయం వచ్చాయి. 2015లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, దేశానికంతటికీ ఒక నమూనా సిలబస్ ఇచ్చింది. సైకాలజీ ఆనర్స్‌లో 14 ప్రధాన పేపర్లు. వాటిలో మీకు ఇప్పుడు తెలిసిన పొరలన్నీ కనిపిస్తాయి. సైకాలజీ ఆలోచనల వికాసం తత్వశాస్త్రపు పొర. జీవ మనోవిజ్ఞానం ప్రయోగశాల పొర. వైయక్తిక భేదాలు, రెండు గణాంక పేపర్లు కొలత పొర. మానసిక రుగ్మతల మీద రెండు పేపర్లు ఆసుపత్రి పొర. సంస్థాగత ప్రవర్తన కర్మాగారపు పొర.

జాతీయ విద్యావిధానం తర్వాత 2022 డిసెంబరులో యూజీసీ మరో చట్రం ప్రకటించింది. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మూడేళ్లలో ప్రధాన సబ్జెక్టుకు 60, ఉపసబ్జెక్టుకు 24 కేటాయించారు. ఒక క్రెడిట్ అంటే తరగతి బోధనలో 15 గంటలు, ప్రయోగ పనిలో 30 గంటలు. మిగిలిన క్రెడిట్లు భాషలకు, నైపుణ్యాలకు, ఇంటర్న్‌షిప్ వంటివాటికి పోతాయి. ఇక్కడే మీ ఎంపిక మొదలవుతుంది.

క్రమం ఎందుకు ముఖ్యం?

ఒక పరీక్షలో మీకు 70 మార్కులు వచ్చాయనుకోండి. ఎక్కువా, తక్కువా? ఆ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. అందరి సగటు 60, ప్రామాణిక విచలనం 10 అయితే సాధారణ వితరణలో మీరు సుమారు 84 శాతం మందికంటే పైన ఉన్నారు. విచలనం 5 మాత్రమే అయితే సుమారు 98 శాతం మందికంటే పైన! అదే 70, అర్థం వేరు. ఆందోళన పరీక్ష అయినా, ప్రజ్ఞా పరీక్ష అయినా ఇంతే.

ఇంకొక చిక్కు ఉంది. ఆ సగటు ఎవరిమీద కట్టినది? జంషెడ్‌పూర్‌లో ఒకే తరగతిలో హిందీ, బెంగాలీ, సంతాలీ, హో, ఒరియా, తెలుగు ఇంట్లో మాట్లాడే పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఇంగ్లండు పిల్లలమీద తయారైన ప్రమాణాన్ని వీళ్లకు అంటగడితే తెలివైన పిల్లవాడికి మందబుద్ధి అని ముద్రపడే ప్రమాదముంది. 1922లోనే లాహోర్‌లో సి. హెచ్. రైస్ బినే పరీక్షను హిందుస్తానీలోకి మార్చి కొత్త ప్రమాణాలు కట్టడానికి పూనుకున్నది ఈ కారణంచేతనే. ఒక పిల్లవాడి బడి, భవిష్యత్తు ఆ అంకెమీద ఆధారపడవచ్చు. అందుకే గణాంకశాస్త్రం ముందు, రుగ్మతల పేపరు తర్వాత.

ఆ ప్రకారం మీ ప్రణాళిక ఇలా ఉండవచ్చు. మొదటి సంవత్సరంలో ప్రవేశిక పేపరుతోపాటు మొదటి గణాంక పేపరు పూర్తిచేయండి. ప్రాక్టికల్ రికార్డును మిత్రుడి పుస్తకం చూసి నింపవద్దు. మీ అంకెలు మీవే కావాలి. రెండో ఏట జీవ మనోవిజ్ఞానం, సామాజిక మనోవిజ్ఞానం, పరిశోధనా పద్ధతులు చదవండి. మూడో ఏట రుగ్మతలు, వికాసం, సంస్థలు, కౌన్సెలింగ్. ఉపసబ్జెక్టును సులువు చూసి ఎంచుకోకండి. చికిత్సా రంగం మీ లక్ష్యమైతే జీవశాస్త్రం, పరిశ్రమలు అయితే అర్థశాస్త్రం లేదా సమాజశాస్త్రం, పరిశోధన అయితే సాంఖ్యకశాస్త్రం ఉపయోగపడతాయి. నాలుగో ఏట పరిశోధనతో ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు అవసరమని చట్రం చెబుతోంది. కాబట్టి మొదటి సెమిస్టర్ మార్కులను కూడా తేలికగా తీసుకోకూడదు.

పరిశోధనా పద్ధతులు ఎందుకంత ముఖ్యమో 2015లో ప్రపంచానికి తెలిసివచ్చింది. పేరున్న పత్రికల్లో అచ్చయిన 100 సైకాలజీ అధ్యయనాలను అనేకమంది శాస్త్రజ్ఞులు కలిసి మళ్లీ చేసి చూశారు. మొదటి అధ్యయనాలలో 97 శాతం గణాంకపరంగా సార్థకమైన ఫలితం చూపాయి. మళ్లీ చేసినప్పుడు అలా నిలిచినవి 36 శాతమే! తన తప్పును తానే లెక్కకట్టి బయటపెట్టుకోవడం ఒక శాస్త్రానికి చిన్నతనం కాదు. అయితే ఆ లెక్క రానివాడు పాఠ్యపుస్తకంలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చెప్పలేడు.

చివరగా ఒక హెచ్చరిక. సాధారణ బి.ఏ. సైకాలజీ డిగ్రీతో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ వృత్తికి గుర్తింపు పొందిన శిక్షణ, నమోదు కావాలి. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. దాన్ని అనుసరించి 2025 విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో బోధించడాన్ని యూజీసీ ఆపివేసింది. ప్రయోగశాల లేకుండా, మనుషులను ఎదురుగా చూడకుండా ఈ శాస్త్రం నేర్చుకోవడం కష్టమన్న పాత అభిప్రాయం ఇలా మళ్లీ ముందుకు వచ్చింది.

ఈసారి ఎవరైనా "సైకాలజీలో లెక్కలెందుకు?" అని అడిగితే వాళ్ల చేతికి ఒక స్కేలు ఇచ్చి పదిసార్లు పట్టుకోమనండి. వచ్చిన పది అంకెలూ ఒక కాగితం మీద రాయించి, "ఇందులో నీది ఏది?" అని అడగండి.