కొవ్వొత్తి తొడుక్కునే చొక్కా

చెప్పులు ఇక్కడే విప్పండి. ఆ గోనెపట్టా మీద కాళ్లు రెండుసార్లు తుడుచుకుని లోపలికి రండి. ఈ గదిలోకి దుమ్ము రాకూడదన్నది మా పిన్ని పెట్టిన మొదటి నియమం. తలుపు వెంటనే మూసేయండి, బయట ఆటోలు దుమ్ము లేపుతున్నాయి.

ఇది విజయవాడలో గుణదల కొండ కింద సందు. ఫిబ్రవరి మొదటి వారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఇంకో ఐదు రోజుల్లో, 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలు. 1924లో ఫాదర్ అర్లాటి ఈ కొండ మీద మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఆ కొండకే ఇప్పుడు ఏటా లక్షల మంది వస్తారు. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న ఒక పేదింటి పిల్లకు మరియమాత కనిపించిందని భక్తుల నమ్మకం. అందుకే పండుగకు ఈ తేదీ. వచ్చేవాళ్ల చేతుల్లో కొబ్బరికాయలుంటాయి, కొవ్వొత్తులుంటాయి. ఆ కొవ్వొత్తుల్లో కొన్ని ఈ గదిలోంచి వెళ్తాయి.

ఉక్కగా ఉంది కదూ? ఫ్యాను వేద్దామని మీ చెయ్యి స్విచ్చు వైపు వెళ్తోంది. "ఫ్యాను వద్దండీ, ఇంకో గంట ఓర్చుకోండి" అంటోంది పిన్ని. వేడిగాలితో చేసే పని ఇది. పైనుంచి ఫ్యాను గాలి అడ్డం వస్తే వేడి ఒక పక్కకు కొట్టుకుపోతుంది. పిన్ని నుదుటికి గుడ్డ కట్టుకుంది. చెమట చుక్క కొవ్వొత్తి మీద పడితే మచ్చ అవుతుందని.

బల్ల మీద చూడండి. నలభై కొవ్వొత్తులు, అన్నీ పాల తెలుపు. మూడంగుళాల లావు, ఆరంగుళాల ఎత్తు, ఒక్కోటి సుమారు 600 గ్రాములు. పేరులో కొవ్వు ఉన్నా, ఇందులో ఉన్నది ముడిచమురు శుద్ధి చేసేటప్పుడు వచ్చే పారాఫిన్ మైనం. పలకలుగా కొని తెచ్చి, నీళ్లు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తారు. గట్టిపడేందుకు స్టియరిక్ యాసిడ్ కలుపుతారు. అచ్చు మధ్యలో నూలు వత్తి నిటారుగా బిగించి పోస్తారు. చల్లారేటప్పుడు మైనం ముడుచుకుని వత్తి చుట్టూ గుంట పడుతుంది. ఆ గుంట నింపడానికి రెండోసారి పోయాలి. ఇవన్నీ నిన్న ఉదయం పోసినవి.

ఒకదాన్ని ముట్టుకుని చూడండి. వేళ్లతో కాదు, మణికట్టు దగ్గర తాకించండి. చల్లగా ఉందా? పైన చల్లబడినా లోపల వెచ్చదనం చాలాసేపు దాక్కుని ఉంటుంది. అది పూర్తిగా పోకముందే కవరు వేస్తే, మైనం ఇంకా ముడుచుకుని కవరు వదులవుతుంది. అందుకే పిన్ని ఒక రోజంతా ఆగుతుంది. పండుగ ముంచుకొస్తున్నా ఆగుతుంది.

ఇప్పుడు ఈ నూలు చేతితొడుగులు వేసుకోండి. మైనం మీద వేలిముద్ర పడితే వెలుతురులో జిడ్డుగా కనిపిస్తుంది. పిన్ని పాత నైలాన్ చీర ముక్క తీసుకుని కొవ్వొత్తిని కింది నుంచి పైకి మెల్లగా రుద్దుతోంది. రెండు మూడు నిమిషాల్లో పొడిబారిన తెలుపు నిగనిగలాడే తెలుపు అయింది. అచ్చు అతుకు దగ్గర మిగిలిన సన్నటి గీత కూడా మాయమైంది. తర్వాత కొవ్వొత్తిని కిటికీ వెలుతురుకు ఎత్తి చుట్టూ తిప్పి చూస్తోంది. ఒక్క నూలుపోగు ఉన్నా, ఒక్క వెంట్రుక ఉన్నా ఇప్పుడే తీయాలి. కవరు బిగిశాక తీయడం ఎవరి వల్లా కాదు. కొన్నవాళ్ల కళ్లు మొదట పడేది దాని మీదే.

వత్తిని పావంగుళం ఉంచి కత్తిరించింది. లేబుల్ కాగితాన్ని నడుముకు పట్టీలా చుట్టి, కాగితానికి కాగితమే అతికించింది, మైనానికి కాదు. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, బరువు, నెల, సంవత్సరం, ధర అన్నీ దాని మీదే ఉన్నాయి. ప్యాకెట్లో అమ్మే సరుకు మీద ఇవి ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. వాటి కింద పిన్ని తన మాట ఒకటి చేర్చింది: వెలిగించే ముందు కవరు పూర్తిగా తీసేయండి. ఈ లేబుళ్లు ప్రెస్సులో అచ్చువేయించినవి. మొదటి ఏడాది కొట్టు బిల్లులాంటి థర్మల్ కాగితం మీద వేయించింది. వేడిగాలి తగలగానే అవి నల్లగా మాడిపోయినట్టు అయ్యాయి. మైనానికి ఏమీ కాలేదు, అక్షరాలే పోయాయి.

ఇక కవరు. మూలన రెండు రోల్స్ ఉన్నాయి. ఎడమ వైపుది పీవీసీ. చవక, కొద్దిపాటి వేడికే ముడుచుకుంటుంది. కానీ వేడి కాస్త ఎక్కువైతే గొంతు పట్టేసే ఘాటు పొగ వస్తుంది. ఆ పొగలో ఆమ్లం ఉంటుంది. నిల్వ ఉంటే పచ్చబడి పెళుసెక్కుతుంది కూడా. పిన్ని దాన్ని పక్కన పెట్టేసింది. కుడి వైపుది పాలీఓలెఫిన్, కొట్లో పీఓఎఫ్ అని అడిగితే ఇస్తారు. ఇది 19 మైక్రాన్లది, తల వెంట్రుకకంటే పలచన. చేత్తో పట్టుకుంటే గలగలమంటుంది.

రోల్ మధ్యలో మడతపెట్టి వస్తుంది కాబట్టి ఒక పక్క ముందే మూసి ఉంటుంది. కొలత పిన్నికి నోటికొచ్చు, మీరూ రాసుకోండి. మూడంగుళాల కొవ్వొత్తి చుట్టుకొలత దాదాపు ఇరవై నాలుగు సెంటీమీటర్లు. అందులో సగం పన్నెండు, వదులుకు రెండు కలిపితే వెడల్పు పద్నాలుగు. పొడవుకు కొవ్వొత్తి ఎత్తు పదిహేను, అడుగు మీదా నెత్తి మీదా సగం సగం కప్పడానికి ఏడున్నర, సీలుకు రెండున్నర. మొత్తం పాతిక. ఇంతకంటే పెద్దగా కోస్తే ముడతలు, చిన్నగా కోస్తే సీలు దగ్గర చిరుగుతుంది.

సీలింగ్ మిషన్ చప్పుడు వినండి. పిడి నొక్కగానే టక్కుమని ఎర్రదీపం వెలిగింది, ఒక్క సెకనులో ఆరింది. టెఫ్లాన్ గుడ్డ కింద ఉన్న నైక్రోమ్ తీగ, దీపం వెలిగినంతసేపే కాగుతుంది. దీపం ఆరాక కూడా పిన్ని పిడి వదల్లేదు. మనసులో ఒకటి, రెండు అనుకుని అప్పుడు ఎత్తింది. అతుకు చల్లారకుండా ఎత్తితే విడిపోతుంది. పక్క ఒక సీలు, అడుగు ఒక సీలు. కొవ్వొత్తిని లోపలికి దింపి, పైన ఇంకో సీలు. నాలుగు మూలలనూ ఏటవాలుగా సీలు చేసి, మిగిలిన ముక్కలు కోసేసింది. లేకపోతే కవరు బిగిశాక మూలలు పిల్లి చెవుల్లా నిక్కుతాయి. చివరికి సూది తీసుకుని నెత్తిన, వత్తి పక్కన రెండు చిల్లులు పొడిచింది. లోపలి గాలి బయటికి పోవాలి. దారి లేకపోతే కవరు బూరెలా పొంగుతుంది.

ఇప్పుడు కొవ్వొత్తి ఒక వదులు సంచిలో నిలబడి ఉంది. అన్న చొక్కా వేసుకున్న తమ్ముడిలా. ఈ స్థితిలో చూస్తే ఎవరికీ కొనాలనిపించదు.

పిన్ని దాన్ని కేకులకు క్రీము పూసే తిరుగుడు బల్ల మీద నిలబెట్టింది. హీట్ గన్ ఆన్ చేసింది. తక్కువ మీదే పెట్టింది, అయినా దాని మూతి దగ్గర గాలి 300 డిగ్రీలు దాటుతుంది. ఈ మైనం కరిగేదేమో 60 డిగ్రీల దగ్గర. ఆ గాలి ఈ మైనాన్ని తాకబోతోందని తెలిస్తే గుండె ఒక్కసారి ఆగుతుంది. నాకు ఇప్పటికీ ఆగుతుంది.

చూడండి. జానెడు దూరంలో గన్, ఎడమ చేత్తో బల్ల తిప్పుతోంది. ముందు అడుగు చుట్టూ. కవరు ఒక్కసారి వణికింది, నీళ్ల మీద గాలి పోయినట్టు. మరుక్షణం బిగుసుకుంది. గన్ పైకి జరుగుతోంది, దాని వెంటే ముడతలు పైకి పాకుతూ పోతున్నాయి. లోపలి గాలిని కవరే పైకి తరుముతోంది. సూది చిల్లుల్లోంచి సన్నగా 'సుయ్' మంటోంది. లేబుల్ మీద ఒక మడత నిలిచింది. పిన్ని గన్ను అటు ఊరికే ఒక్కసారి ఆడించింది, పోయింది. ఆఖరున నెత్తి. అక్కడ కవరు వత్తి చుట్టూ ముడుచుకుని, రెండు చిల్లులూ కాస్త పెద్దవై ఆగిపోయాయి. గన్ ఆగింది. పది సెకన్లు పట్టిందేమో.

కవరు ఉందా? మీకు కనిపించడం లేదు. మెరుపు మాత్రం కనిపిస్తోంది.

ఈ కవరును ఫ్యాక్టరీలో వెచ్చగా ఉండగానే నిలువునా అడ్డంగా సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లార్చేస్తారు. లాగిపట్టిన రబ్బరు అలాగే గడ్డకట్టినట్టు. మళ్లీ వేడి తగలగానే పట్టు సడలి, తన పాత కొలతకు పోవాలని చూస్తుంది. మధ్యలో కొవ్వొత్తి అడ్డం వస్తుంది కాబట్టి దాని ఒంటికి అంటుకుంటుంది. ఇంత పలచని పొర కాబట్టి రెప్పపాటులో కాగుతుంది. మందపాటి మైనంలోకి వేడి దిగాలంటే వ్యవధి కావాలి. ఆ రెండింటి మధ్య దొరికే కొద్ది సెకన్లలోనే ఈ పనంతా. మొదట్లో పిన్ని భయపడి, తల ఆరబెట్టుకునే డ్రయ్యరుతో చేసేది. వేడి తక్కువ కదా, మైనానికి క్షేమం అనుకుంది. కవరు సగమే ముడుచుకుంది, అంతసేపూ తగిలిన వెచ్చదనానికి మైనం మెత్తబడింది. "భయపడి మెల్లగా చేసినవే పాడయ్యాయమ్మాయ్" అంటుంది.

గన్ ఇప్పుడు నా చేతిలో ఉంది. అడుగు బాగానే వచ్చింది. నడుము దగ్గర ఒక ముడత మొండికేసింది. దాని మీదే గన్ను నిలిపాను. "ఆపకు, తిప్పు, తిప్పు!" పిన్ని అరిచేలోపే కవరులో కన్నం తెరుచుకుంది. దాని అంచులు వెనక్కి వెనక్కి పోయాయి. మధ్యలో మైనం చెమర్చి, ఒక బొట్టు జారి లేబుల్ దగ్గర ఆగింది. రెండు రోజుల పని. నా చెయ్యి వణుకుతోంది. పిన్ని ఏమీ అనలేదు. కవరు ఒలిచి, లేబుల్ తీసి, కొవ్వొత్తిని కరిగించే గిన్నెలో పెట్టింది. "మైనం కదా, మళ్లీ పుడుతుంది. ఇంకోటి తీసుకో." రెండోదానికి నేను ముడతను చూడడం మానేసి బల్లను చూశాను. అది తిరుగుతున్నంతసేపూ నా చెయ్యీ కదిలింది. వచ్చింది. మూడోది మీరు చేయండి. మూతి ముట్టుకోకండి, ఆపాక కూడా చాలాసేపు కాలుతుంది.

పొద్దు వాలేసరికి ముప్పై తొమ్మిది కొవ్వొత్తులు అట్టపెట్టెలో చేరాయి. కోసిన కవరు ముక్కలన్నీ పిన్ని ఒక సంచిలో కూరి మూతి కట్టింది. ఒక్క ముక్క కూడా సందులోకి ఎగరదు.

ఇప్పుడు పదో తారీఖు రాత్రి. కొండ మెట్ల మీద నా పక్కన నిలబడండి. మైకులో ప్రార్థన, కొబ్బరినీళ్లతో తడిసిన నేల, భుజానికి భుజం తగిలే జనం. మన ముందు ఒక పెద్దావిడ ఎక్కుతోంది. ఆమె చంకలో ఉన్నది పిన్ని కొవ్వొత్తే, లేబుల్ గుర్తుపట్టాను. ఎన్ని గంటల బస్సులో కూర్చుని వచ్చిందో. మనవడు కొబ్బరినీళ్ల చేత్తో దాన్ని పట్టుకుంటానని మారాం చేస్తున్నాడు. ఇచ్చింది. వాడు గుండెకు హత్తుకున్నాడు, ఒకసారి మెట్టు మీద ఆనించాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. కవరు మీద మట్టి, నీళ్లు, వేలిముద్రలు.

పైకి చేరాక ఆవిడ కొవ్వొత్తిని తీసుకుంది. వత్తి పక్కన చిల్లులో గోరు దూర్చి లాగింది. కవరు ఒక్క చిరుగున నిలువునా విడిపోయింది. నలిపి, లేబుల్‌తో సహా చేతిసంచిలో వేసుకుంది. మట్టి, తడి, వేలిముద్రలు అన్నీ దానితోపాటే పోయాయి. ఆవిడ చేతిలో మిగిలింది ఆరు రోజుల కింద పిన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసిన తెలుపు.

వత్తి నిటారుగా ఉంది. పక్కనున్న దీపానికి ఆనించింది. అంటుకుంది.