రాయచూరు శాసనశిలయు, చలనచిత్రముల కూర్పు పనిముట్లును

రాయచూరు కోటగోడలో సుమారు 41 అడుగుల నిడివిగల రాతిపలక యొకటి కలదు. దానిపై 1294వ సంవత్సరపు తెలుగు శాసనము చెక్కబడియున్నది. అంతటి శిలను బండిపై నెక్కించి, దున్నపోతులచే లాగించి తెచ్చిన విధమును గూడ శిల్పులు రేఖాచిత్రముగా మలచిరి. మాటను, బొమ్మను ఒకచోట కూర్చి కథ చెప్పుట ఈ సీమకు క్రొత్తగాదు. ఆ కూర్పునకు నేటి రూపమే వీడియో ఎడిటింగు.

మొదట ఈ పని కత్తెరతో జరిగెను. 35 మిల్లీమీటర్ల ఫిలిములో అడుగునకు 16 బొమ్మలుండును. టాకీలలో సెకనుకు 24 బొమ్మలు కదలును. కావున 1000 అడుగుల రీలు సుమారు 11 నిమిషములు నడచును. ఎడిటరు ముక్కలు కోసి, అతికి, 1924లో వెలువడిన మూవియోలా యంత్రముపై సరిచూచుకొనెడివాడు. 1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో నటించిన ఎల్.వి.ప్రసాదుగారి తమ్ముడు అక్కినేని సంజీవిగారు ఎడిటరు. సంజీవిగారి కుమారుడు శ్రీకర్ ప్రసాదుగారు ఇదే విద్యలో పెక్కు జాతీయ పురస్కారముల నందిరి.

1971లో సి.ఎం.ఎక్స్. 600 అను యంత్రము కంప్యూటరుతో కూర్పునకు దారితీసెను. 1989లో ఆవిడ్, 1991లో ప్రీమియర్ వచ్చినవి. పనిముట్లు మారినను పేర్లు మారలేదు. ఫిలిముముక్కలు వ్రేలాడదీసిన తొట్టియే నేటి ‘బిన్’. కోతకు వాడు గుర్తు ‘రేజర్’. ఒక దృశ్యము మరియొకదానిలో కరగు ‘డిజాల్వు’నకు పూర్వము లాబొరేటరీకి పోవలసివచ్చెడిది, నేడది క్షణకాలపు పని. దృశ్యములు వరుసగా నిలుచు తావు ‘టైమ్‌లైన్’. అన్నిటికంటె ముఖ్యభేద మొకటి: ఈ కోత మూలమును తాకదు. ఎచ్చట కోయవలెనో ఆ సూచన మాత్రమే కంప్యూటరు దాచుకొనును.

ఈ భేదము మనకు మిక్కిలి అక్కరకు వచ్చును. 1956లో రాష్ట్రముల పునర్విభజన వేళ గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు, రాయచూరు మైసూరు రాష్ట్రమునకు చేరినవి. ఎల్ల మారినను నోటిమాట మారలేదు. మన పెద్దల పలుకులను వీడియోలో నెక్కించు యువకులు, కన్నడపదము దొర్లెననియో, మాట తడబడెననియో ఆ భాగములను కోసివేయుట కలదు. సభలో చూపుటకు కోయవచ్చును; మూలమును మాత్రము చెరిపివేయరాదు. క్రింద తెలుగు, కన్నడ లిపులు రెండింటను అక్షరములు వేసిన, ఇరుగుపొరుగులకును అర్థమగును.

కోట కట్టించినవారి కీర్తితోపాటు బండి లాగిన దున్నపోతులనుగూడ ఆ శిల్పులు విడువలేదు. అందుచేతనే ఆ శిల యెట్లు వచ్చెనో నేడు మనకు తెలియుచున్నది.