బీ షిఫ్టు ఆటలు

ఆగండ్రా గుంటలూ! అది మంటలో వెయ్యకండి, ఇటివ్వండి. భోగికి విరిగిన కుర్చీ కాళ్ళు, పాత చీపుళ్ళు వేస్తారు గానీ ప్లాస్టిక్ వేస్తారేట్రా? అందులోనూ ఇది! దీన్ని అటక మీద నుంచి ఎవడు దింపాడు? సరే, కూర్చోండి, చెప్తాను.

ఇది వీడియో గేమ్. అప్పట్లో వీటి మీద లిటిల్ మాస్టర్ అని, టెర్మినేటర్ అని రకరకాల పేర్లుండేవి. పేరేదైనా లోపల సరుకొకటే. జపాన్‌లో నింటెండో వాళ్ళు 1983లో ఫామికామ్ అని ఒకటి తెచ్చారు. దాన్ని చూసి చేసిన నకళ్ళే మన ఊళ్ళ దాకా వచ్చాయి. ఆ సంగతి మాకు తెలీదు. తెలిసినా మానేవాళ్ళం కాదులే.

1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు గారు మన విశాఖ స్టీల్ ప్లాంటుని జాతికి అంకితం చేశారు. అది జరిగిన ఒకట్రెండేళ్ళకి మీ తాతయ్య గాజువాక నుంచి దీన్ని తెచ్చారు. మా బ్లాకు మొత్తానికి ఇదొక్కటే. కింద భిలాయ్ నుంచి వచ్చిన హిందీ వాళ్ళు, పైన రూర్కెలా నుంచి వచ్చిన ఒడియా వాళ్ళు, పక్కన శ్రీకాకుళం వాళ్ళు. పిల్లలందరూ మా ముందుగదిలోనే. చెప్పులు మెట్ల దాకా ఉండేవి. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు గానీ, "జంప్, జంప్!" అని మాత్రం అందరం ఒకే గొంతుతో అరిచేవాళ్ళం.

అయితే ఎప్పుడు పడితే అప్పుడు అరవడానికి లేదు. మీకు ఎంతసేపు ఆడాలో మీ అమ్మ చెప్తుంది, మాకు ప్లాంటు చెప్పేది. మీ తాతయ్య పని బ్లాస్ట్ ఫర్నేస్‌లో. గోదావరి అని పేరు పెట్టారే, ఆ మొదటిదాంట్లో. ఆ కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. అందుకే మనుషులు వంతులేసుకోవాలి. ఏ షిఫ్టు పొద్దున ఆరు నుంచి రెండు, బీ షిఫ్టు రెండు నుంచి రాత్రి పది, సీ షిఫ్టు పది నుంచి తెల్లారి ఆరు. సీ షిఫ్టు పడిందంటే పగలంతా ఆయన నిద్ర. కుక్కర్ కూత కూడా గట్టిగా రానిచ్చేది కాదు మీ నాన్నమ్మ. సెలవు రోజున టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, పెదాలు బిగపట్టి ఆడేవాళ్ళం. ఓడినా గెలిచినా సైగలే. ఆ వేడిలో రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి కళ్ళు ఎలా ఉంటాయో రోజూ చూసే పిల్లలం. ఒకరు చెప్పక్కర్లేదు.

బీ షిఫ్టు పడితే మాత్రం పండగే! బడి నుంచి వచ్చేసరికి ఆయన డ్యూటీలో. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి దీని వైరు గుచ్చి, చానెల్ ట్యూన్ చేసి, క్యాసెట్ పెట్టేవాళ్ళం. అవునర్రా, ఆట ఉండే ఈ చిన్న డబ్బాని మేం క్యాసెట్ అనే అనేవాళ్ళం. బొమ్మ రాకపోతే తీసి ఊదేవాళ్ళం. ఊదడం వల్ల బాగయ్యేది కాదని, తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్నులు సరిగ్గా ఆనేవని ఎంతో కాలానికి తెలిసింది. శుక్రవారం సాయంత్రం మాత్రం చిత్రలహరి వేళకి మీ నాన్నమ్మ, పక్కింటి అత్తలు కలిసొచ్చి మా వైరు పీకేసేవాళ్ళు.

మారియో ఆట మొత్తం కలిపి నలభై కిలోబైట్లు. ఇందాక నువ్వు ఫోనులో తీసిన ఈ మంట ఫొటో దానికి ఎన్నో రెట్లుంటుంది. అంత చిన్నదాంట్లో ఎనిమిది లోకాలు, ముప్ఫై రెండు స్టేజీలు పెట్టారు మహానుభావులు. కానీ ఆగినచోట దాచుకోవడమన్నది లేదు. కరెంటు పోయిందా, మళ్ళీ మొదటికే. అన్నం వేళ దాటకుండా ఆ ముప్ఫై రెండూ ముగించడం మావల్ల అయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో కిందింటి వాళ్ళ చుట్టం ఒకడు వేసవి సెలవులకి భిలాయ్ నుంచి వచ్చి దారి చూపించాడు. మొదటి లోకం రెండో స్టేజీలో నేల మీద నడవకుండా పైకప్పు ఎక్కి, తిన్నగా చివరిదాకా పోవాలి. అక్కడ గొట్టాలు. అందులో దిగితే ఏకంగా నాలుగో లోకం. నాలుగో లోకం రెండో స్టేజీలో కనబడని ఇటుకలు తలతో కొట్టి, తీగ పట్టుకుని ఎక్కితే ఎనిమిదో లోకం. ముప్ఫై రెండు స్టేజీలూ కాస్తా ఎనిమిదయ్యాయి. వాడి మీద మాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ తుపాకీ ఏటంటావా? బాతుల ఆటది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతున్న చోట తెల్ల గడి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలో ఉన్న కన్ను ఆ వెలుగుని పట్టుకుంటే బాతు పడినట్టు. పాత డబ్బా టీవీలకే అది కుదిరేది. మీ గోడ టీవీకి ఎంత గురిపెట్టినా ఒక్క బాతూ పడదు.

మళ్ళీ మారియోకి వస్తే, చివరి కోట ఉందే, ఎనిమిదో లోకంలో నాలుగోది, అది మాయదారి. తప్పు గొట్టంలో దిగితే వచ్చిన చోటికే తెచ్చి పడేస్తుంది. ఏ గొట్టం తప్పో పైనింటి అమ్మాయి నోటుపుస్తకంలో గీసి పెట్టింది. ఒక బీ షిఫ్టు రోజు నేను ఆడుతుంటే ఆ అమ్మాయి పక్కన కూర్చుని గొట్టం గొట్టానికీ చెప్పుకొచ్చింది. వంతెన కూలింది, రాక్షసుడు నిప్పులో పడ్డాడు, రాకుమారి కనిపించింది. మేం వేసిన కేకలకి పక్క బ్లాకు వాళ్ళు బాల్కనీల్లోకొచ్చారు.

అయిపోయిందనుకున్నాం. బటన్ నొక్కితే ఆట మళ్ళీ మొదలైంది. ఈసారి మొదట్లో ఎదురొచ్చే పుట్టగొడుగుల బదులు నిప్పుకి చావని నల్ల పెంకు పురుగులు! ఇదేం ఆటరా అని మేమింకా నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే, ఇప్పుడు వంతు తనదేనని శ్రీకాకుళం వాళ్ళబ్బాయి నా చేతిలో రిమోట్ లాగేసుకున్నాడు.